విద్యార్థి, మద్యం, స్మృతిభ్రంశం

మన వాఙ్మయంలో సురాపానంపై వెలసిన కట్టడులలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఒక గురుకులంలో పుట్టింది. మహాభారతం ఆదిపర్వంలోని కచుని వృత్తాంతం నన్నయభట్టారకుని నాటి నుండి తెలుగువారికి సుపరిచితమే. మృతసంజీవనీవిద్య నభ్యసించడానికి బృహస్పతిపుత్రుడైన కచుడు శుక్రాచార్యుని ఆశ్రయించాడు. దానవులు అతణ్ణి పలుమార్లు వధించారు. చివరిసారి దహించి, ఆ భస్మాన్ని సురలో కలిపి ఆచార్యునిచేతనే త్రాగించారు. శిష్యుడు తన ఉదరంలోనే ఉన్నాడని గ్రహించిన పిదప శుక్రుడు చేసిన పని గమనింపదగినది. దానవులను నిందించి ఊరుకోలేదు. శిష్యునికి హితబోధ చేసి ఊరుకోలేదు. తన వివేకాన్ని హరించిన ఆ పానీయాన్నే దోషిగా నిలిపి, ఇకమీదట బ్రాహ్మణులకు సుర నిషిద్ధమని మర్యాద నెలకొల్పాడు. అనగా తాను పుట్టిన వర్గానికి, తనతోనే మొదలుపెట్టి, నియమం విధించాడు.

ఈ కథలో త్రాగినవాడు గురువు. ప్రాణం పోగొట్టుకొన్నవాడు విద్యార్థి. కళాశాల విద్యార్థుల మద్యపానాన్ని గూర్చి వేదికలెక్కి ఉపన్యసించే పెద్దలు సామాన్యంగా ఈ అంశాన్ని విస్మరిస్తారు. నేటి యువత చెడిపోయినదన్న వాక్యంతో ప్రారంభమయ్యే ఏ ప్రసంగమూ ఇంతవరకు ఒక్క విద్యార్థి చేతిలోని గ్లాసును దింపించినట్లు నాకు తోచదు. మూడువందల మందిని సెమినార్ హాలులో కూర్చోబెట్టి, వారు తల వంచి ఫోనులు చూసుకొంటుండగా, వ్యక్తిత్వ వికాసాన్ని గూర్చి గంటసేపు మాట్లాడి, శాలువా కప్పించుకొని వెళ్ళిపోవడం మన కళాశాలల్లో ఒక నిత్యకర్మ అయినది. సంధ్యావందనం మానినవారు కూడా దీనిని మానరు.

సమస్య యథార్థస్వరూపం చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో సగటు ఇంజనీరింగ్ విద్యార్థి ఎక్కడి నుండి వస్తున్నాడు? రెండేళ్ళ ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కళాశాల నుండి. అక్కడ తెల్లవారకముందే లేపి, రాత్రి పదింటి వరకు స్టడీ అవర్లలో కూర్చోబెట్టి, ఆదివారం కూడా పరీక్ష పెట్టి, బయటి గేటు దాటనివ్వకుండా పెంచుతారు. బాహ్యదృష్టికి అది బ్రహ్మచర్యాశ్రమంవలె కనిపిస్తుంది. కానీ ధర్మశాస్త్రాలు చెప్పిన బ్రహ్మచర్యంలో నియమం విద్యార్థి స్వీకరించిన వ్రతం. ఆ వ్రతంలో తేనె కూడా వర్జ్యమే. అయినా దానిని వర్జించేది అతడే. ఇక్కడ నియమం గోడది, తాళానిది, వార్డెనుది. పదునెనిమిదవ యేట ఆ గోడ ఒక్కసారిగా తొలగిపోతుంది. హైదరాబాదు శివార్లలోనో, గుంటూరు విజయవాడల మధ్యనో, విశాఖ పరిసరాల్లోనో ఒక గది, ముగ్గురు సహవాసులు, నెలనెలా ఇంటి నుండి వచ్చే డబ్బు, అడిగేవాడు లేని సాయంకాలం. నిగ్రహం అభ్యాసం కాకముందే విషయాలు ఎదురైనవి. దీనిలో ఆశ్చర్యపడవలసినది ఏమున్నది?

శాసనం దృష్టిలో ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను మద్యం కొనడానికి కనీస వయస్సు 21 సంవత్సరాలు. అంటే బీటెక్ మూడవ సంవత్సరం వరకు దాదాపు ఏ విద్యార్థికీ సీసా కొనే అర్హత లేదు. అయినప్పటికీ కళాశాల ఆవరణకు అనతిదూరంలోని వైన్ షాపులో వయస్సు అడిగే ఆచారం కానరాదు. ఊళ్ళలో బెల్టు షాపుల సంగతి చెప్పనక్కరలేదు. ఫ్రెషర్స్ పార్టీ, పుట్టినరోజు, ప్లేస్‌మెంట్ ట్రీట్, పరీక్షల ముగింపు, క్రికెట్ గెలుపు, ప్రేమలో ఓటమి. ఏదో ఒక నిమిత్తం దొరుకుతూనే ఉంటుంది.

మొదటి పాత్ర చేతిలోకి వచ్చేది కామం వలన కాదని నా నిశ్చితాభిప్రాయం. అది మొహమాటం వలన వస్తుంది. ఈ పదానికి సరియైన సంస్కృతపర్యాయం నాకు దొరకలేదు. సంకోచం చాలదు, దాక్షిణ్యం మరీ గొప్పది. ఎదుటివాడు నొచ్చుకొంటాడేమోనని తనకిష్టం లేనిదానికి తల ఊపడం మొహమాటం. “ఒక్క పెగ్గేరా, ఏమీ కాదు” అని సీనియర్ అన్నప్పుడు వద్దనడానికి కావలసినది శమదమాదులు కాదు, ఒక చిన్న వాక్యం. ఆ వాక్యం మన పిల్లలకు నేర్పలేదు. పెళ్ళిపంక్తిలో కడుపు నిండినా వడ్డించేవాడి మాట కాదనలేక మరొక లడ్డు తినే సంస్కారాన్నే నేర్పినాము.

ఈ మొహమాటం వెనుక ఒక భ్రాంతి కూడా ఉన్నది. అందరూ త్రాగుతున్నారు, నేనొక్కడినే మిగిలినాను అనుకోవడం. 1986లో అమెరికాలో పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే పరిశోధకులు ఒక కళాశాలలో చేసిన అధ్యయనం ప్రకటించారు. తోటివారు మద్యపానాన్ని ఎంతగా సమర్థిస్తున్నారో విద్యార్థులు ఊహించుకొన్న స్థాయికి, ఆ తోటివారు నిజంగా నమ్మిన స్థాయికి చాలా అంతరం కనిపించినది. ఊహే అధికం. ప్రతివాడూ ఎదుటివాడిని చూసి జంకుతున్నాడు. ఎదుటివాడు ఇతణ్ణి చూసి జంకుతున్నాడు. రజ్జుసర్పన్యాయం ఇంత స్పష్టంగా కనిపించే చోటు వేరొకటి ఉండదు. లేని సర్పాన్ని చూసి భయపడి, ఉన్న విషాన్ని త్రాగుతున్నారు. దీపం వెలిగించడమంటే ఇక్కడ చాలా సాధారణమైన పని: త్రాగనివారు తాము త్రాగమని నలుగురిలో సహజంగా, గర్వం లేకుండా చెప్పడం. ఆ మాట వినగానే మరొక ఇద్దరికి ఊపిరి ఆడుతుంది.

పరిమాణాన్ని గూర్చి కూడా మాట్లాడవలసి ఉన్నది, ఎందుకనగా విద్యార్థులలో అధికులకు అది తెలియదు. మన దుకాణాల్లో అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ములలో ఘనపరిమాణం ప్రకారం 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. లెక్క కడితే దానిలో శుద్ధ ఆల్కహాలు సుమారు 61 గ్రాములు. ఒకే కూర్చునిలో 60 గ్రాములు లేక అంతకు మించి త్రాగడాన్ని ప్రపంచ ఆరోగ్యసంస్థ అతిపానంగా పరిగణిస్తున్నది. కనుక “ఒక క్వార్టర్ మాత్రమే” అన్న మాటలో ‘మాత్రమే’ అన్నది అసంగతం. క్వార్టర్‌తోనే అతిపానం సంపూర్ణమైనది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో ఎనిమిది శాతం ఉన్నదనుకొంటే 41 గ్రాములు. బీరు శీతలపానీయం వంటిదని భావించేవారు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. కాలేయం గంటకు సుమారు ఏడు నుండి పది గ్రాముల వరకే దహింపగలదు. రాత్రి పదకొండింటికి క్వార్టర్ ముగించినవాని రక్తంలో మరునాటి ఉదయం తరగతికి వెళ్ళే వేళకు కూడా అది శేషించి ఉండవచ్చు. కాఫీ, చన్నీటిస్నానం, నిమ్మరసం దీనిని త్వరపరచవు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే వాహనం నడపడం నేరం. ఉదయం తొమ్మిదింటికి బైకు తీసినవాడు తాను రాత్రి త్రాగినానని అనుకొంటాడు. రక్తం అలా అనుకోదు. అదే పరిమాణం స్త్రీ దేహంలో అధికసాంద్రతను పొందుతుంది. ఇది శరీరధర్మం. త్రాగిన అమ్మాయిని చూసి సంస్కృతి నశించినదని విలపించి, త్రాగిన అబ్బాయిని చూసి వయసు ముచ్చట అని నవ్వేవారి ధర్మశాస్త్రమేదో నాకు తెలియదు.

ఇక తత్త్వానికి వద్దాము. భగవద్గీత ద్వితీయాధ్యాయంలో పతనసోపానం చెప్పబడినది. విషయధ్యానం వలన సంగం, సంగం వలన కామం, కామం వలన క్రోధం, దాని వలన సమ్మోహం, సమ్మోహం వలన స్మృతిభ్రంశం, దాని వలన బుద్ధినాశం, తుదకు సర్వనాశం. ఇక్కడ స్మృతి అనగా నిన్న జరిగిన సంఘటన జ్ఞాపకముండడం మాత్రమే కాదు. శాస్త్రమూ ఆచార్యుడూ ఉపదేశించిన దాని సంస్కారం వలన కలిగే స్మరణమని శంకరభగవత్పాదులు వ్యాఖ్యానించారు. నేనెవరిని, ఏది నాకు తగినది అన్నది సమయానికి జ్ఞప్తికి రావడం. మద్యం విషయంలో స్మృతిభ్రంశం రెండర్థాలలోను సంభవిస్తుంది. అతిపానం చేసినప్పుడు మెదడులో జ్ఞాపకాలను నమోదు చేసే భాగం స్తంభించి, మనిషి నడుస్తూ మాట్లాడుతూ ఉన్నా, మరునాడు ఆ ఘడియలు అతనికి లేకుండా పోతాయి. దానిని బ్లాకవుట్ అని స్నేహితులు నవ్వుకొంటూ చెప్పుకొంటారు. తన జీవితంలోని మూడు గంటలకు తాను సాక్షి కాకపోవడం నవ్వదగిన విషయం కాదు.

కోపానికీ లోభానికీ లేని ఒక విశేషం మద్యానికి ఉన్నది. లోభి తన లోభాన్ని బుద్ధితో అరికట్టవచ్చు, బుద్ధి ఇంకా అతని వద్దనే ఉన్నది గనుక. మద్యం ఆపవలసిన సాధనాన్నే ముందుగా అపహరిస్తుంది. కఠోపనిషత్తులోని రథకల్పనలో ఇంద్రియాలు అశ్వాలు, మనస్సు పగ్గం, బుద్ధి సారథి. మిగిలిన వ్యసనాలలో అశ్వాలు అదుపు తప్పుతాయి. ఇందులో సారథికే మత్తు ఎక్కుతుంది. మెదడు ముందుభాగంలో, అనగా పర్యవసానాన్ని ఊహించి నిగ్రహించే భాగంలో, ఎదుగుదల ఇరువదియైదవ యేటి ప్రాంతం వరకు సాగుతూనే ఉంటుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఇంకా శిక్షణలో ఉన్న సారథికి మత్తుమందు ఇవ్వడమన్నమాట. రెండవ పెగ్గు తరువాత ఆపుతానని ముందుగా చేసుకొన్న సంకల్పం ఎందుకు నిలువదో దీనివలన స్పష్టమవుతుంది. ఆ సంకల్పాన్ని అమలుపరచవలసిన అధికారి రెండవ పెగ్గుతోనే సెలవు తీసుకొన్నాడు.

కనుక ప్రయత్నం గ్లాసు దగ్గర చేయరాదు. గీత చెప్పిన క్రమంలో మొదటి మెట్టు ధ్యానం, రెండవది సంగం. శుక్రవారం సాయంకాలం వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చిన క్షణం మొదటి మెట్టు. డబ్బు పోగుచేసే క్షణం రెండవది. ఆ వేళకు మరొక చోట ఉండడానికి ఏర్పాటు చేసుకొన్నవాడు గెలుస్తాడు. గదిలో కూర్చుండి నిగ్రహిస్తానన్నవాడు మొదటి పది నిమిషాలు మాత్రమే వీరుడు.

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా చదువుకొన్న యువకులు రెండు ప్రశ్నలు వేస్తారు. ఋషులు సోమపానం చేయలేదా అన్నది మొదటిది. చేశారు. కానీ సోమం వేరు, సుర వేరు. శతపథబ్రాహ్మణం ఆ రెండింటినీ సత్యానృతాలుగా, జ్యోతిస్తమస్సులుగా ఎదురెదురు నిలిపినది. ఋగ్వేదం సప్తమమండలంలో వసిష్ఠుడు వరుణుని ప్రార్థిస్తూ, మానవుణ్ణి అపరాధంలోకి నెట్టే కారణాలలో సురను, క్రోధాన్ని, పాచికలను, అవివేకాన్ని కలిపి పేర్కొన్నాడు. సౌత్రామణీయాగంలో సురకు స్థానమున్న మాట యథార్థమే. ఒక యాగంలో, ఒక విధితో, ఒక పరిమితిలో ఉన్నదానిని హాస్టలు గదిలో వారానికి రెండుసార్లు అనుష్ఠిస్తామంటే ఋత్విక్కులెవరు?

రెండవ ప్రశ్న మనువును గూర్చినది. మద్యంలో దోషం లేదని మనువే అన్నాడట. ఆ శ్లోకం పూర్వార్ధాన్ని మాత్రమే కంఠస్థం చేసినవారు చాలామంది. ఉత్తరార్ధంలో అది ప్రాణుల సహజప్రవృత్తి అనీ, నివృత్తి మహాఫలప్రదమనీ ఉన్నది. ప్రవృత్తికి శాస్త్రం అవసరం లేదు. నీరు పల్లానికి పోవడానికి ఎవరూ బోధించనక్కరలేదు. శాస్త్రం కాలువ త్రవ్వడానికి. అదే మనువు సురాపానాన్ని మహాపాతకాలలో చేర్చినాడన్న సంగతి కూడా ఈ పండితులు జ్ఞాపకముంచుకొంటే బాగుండును.

నిజాయితీగా ఒప్పుకోవలసినది ఒకటి ఉన్నది. చరకుడు మద్యాన్ని పూర్తిగా నిందించలేదు. చికిత్సాస్థానంలోని మదాత్యయాధ్యాయంలో, యుక్తితో సేవిస్తే అమృతతుల్యమనీ, అయుక్తంగా సేవిస్తే రోగహేతువనీ అన్నాడు. అయితే ఆ యుక్తికి ఆయన పెట్టిన షరతులు ఆహారం, వయస్సు, బలం, ఋతువు, దేహప్రకృతి, మనఃప్రకృతి. ఖాళీ కడుపుతో, మిక్స్చర్ పొట్లంతో, ఎవడు ముందు ముగిస్తాడన్న పందెంతో త్రాగేవాడు ఆ షరతులలో ఒక్కదానినీ తీర్చడు. పైగా చరకుని కాలంలో తెలియనిది నేడు తెలుసు: ఆల్కహాలు క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1988లోనే నిర్ధారించినది. నేను చరకుని వద్ద నేర్చుకొనేది వేరు. మదాత్యయం అన్నది ఆయనకు ఒక వ్యాధి. దానికి నిదానం, లక్షణం, చికిత్స ఉన్నవి. రెండువేల ఏండ్ల క్రితమే వైద్యశాలలో ఉంచిన విషయాన్ని మనం నేటికీ క్రమశిక్షణ సంఘం ముందు మాత్రమే ఉంచుతున్నాము.

శిక్షతోనే సరిపోతుందనేవారు మౌసలపర్వం చదవాలి. మునిశాపం తరువాత ద్వారకలో కఠినశాసనం వెలువడినది: నగరంలో ఎవరూ సుర కాచరాదు, కాచినవానికి బంధుసహితంగా శూలారోహణం. భయంతో అందరూ పాటించారు. పిదప యాదవులు ప్రభాసతీర్థానికి యాత్ర వెళ్ళారు. అన్నపానాదులతో పాటు మద్యం కూడా విస్తారంగా తరలినది. అక్కడ త్రాగిన మత్తులో సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచాడు. కురుక్షేత్రంలో నిద్రిస్తున్నవారిని చంపిన పాత గాథ పైకి వచ్చినది. ఆ మాటతో మొదలైన కలహంలో వంశం వంశమే నశించినది. నగరంలో అమలైన నిషేధం యాత్రలో అమలు కాలేదు. ఈ పర్వం చదివినప్పుడల్లా నాకు ఇండస్ట్రియల్ టూరు బస్సులు స్ఫురిస్తాయి. హాస్టల్లో సంచులు తడిమి చూసే కళాశాలలు టూరుకు తోడు పంపే అధ్యాపకుణ్ణి ముందు సీటులో నిద్రపోనిస్తాయి.

మన రాష్ట్రచరిత్ర కూడా ఇదే చెబుతున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. రాత్రిపూట అక్షరాస్యతా తరగతుల్లో కూర్చున్న స్త్రీలు తమ బ్రతుకులను గూర్చి మాట్లాడుకొనగా పుట్టిన సంకల్పమది. అది గ్రామగ్రామానికి ప్రాకి 1993లో సారా నిషేధాన్ని సాధించినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం పైనుండి వచ్చినది. 1997లో పైనుండే పోయినది. క్రింద మొలిచినదానికీ పైన అతికించినదానికీ ఈ భేదం ఉంటుంది. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి యత్నించమని రాజ్యాన్ని ఆదేశించినది. రాజ్యమేమో తన సంస్థల ద్వారా తానే మద్యపు టోకు వర్తకం చేస్తున్నది. కౌటిల్యునికి మద్యపు ఆదాయం విలువ చక్కగా తెలుసు, సురాధ్యక్షుణ్ణే నియమించాడు; అయినా శీలం తెలిసినవారికి, స్వల్పపరిమాణంలోనే బయటికి ఇవ్వాలన్నాడు. కళాశాల ప్రక్కన వయస్సు అడగడం ఆ మాత్రం కూడా కష్టమా?

అన్నిటికంటె ముఖ్యమని నేను భావించే అంశం ఇప్పుడు చెబుతాను. కొందరు ధార్మికులకు ఇది రుచింపకపోవచ్చు. త్రాగి పడిపోయిన విద్యార్థిని గదిలో వదలి, పడుకొంటే దిగిపోతుందని తలుపు వేయడం వలన ప్రాణాలు పోతాయి. చివరి పెగ్గు తరువాత కూడా రక్తంలో ఆల్కహాలు కొంతసేపు పెరుగుతూనే ఉంటుంది. పిలిచినా గిల్లినా లేవకపోవడం, శ్వాస మందగించి మధ్యమధ్య ఆగడం, దేహం చల్లబడి పెదవులు నీలంగా మారడం, స్పృహ లేకుండానే వాంతి చేసుకోవడం: వీటిలో ఏది కనిపించినా అది నిద్ర కాదు. వెల్లకిల పడుకోబెడితే వాంతి శ్వాసనాళంలోకి పోతుంది; ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలరాదు, నోట్లో ఏదీ పోయరాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్నేహితులు ఫోన్ చేయరు. కారణం నిర్దయ కాదు, భయం. వార్డెనుకు తెలిస్తే సస్పెన్షను, ఇంటికి ఉత్తరం, ప్లేస్‌మెంటులో మచ్చ. ఆ భయాన్ని పెట్టినవారు మనమే. కనుక ఆపత్సమయంలో సహాయం కోరినవానిపైనా, ఎవరికోసం కోరినాడో అతనిపైనా ఆ రాత్రి త్రాగినందుకు చర్య ఉండదని ప్రతి కళాశాలా వ్రాతపూర్వకంగా ప్రకటించాలి. అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలు ఇట్టి నియమాన్ని పాటిస్తున్నవి. ఇది త్రాగుడుకు ప్రోత్సాహం కాదా అని అడుగుతారు. ఆపద్ధర్మమన్న విభాగాన్ని మహాభారతం శాంతిపర్వంలో పెట్టినది ఇందుకే. ప్రాణం నిలిస్తే ఉపదేశం రేపు చేయవచ్చు.

మరొకరిని బలవంతంగా త్రాగించడం మాత్రం ఈ ఉదారతకు అర్హం కాదు. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక వైద్యకళాశాలలో మద్యం మత్తులో ఉన్న సీనియర్ల దెబ్బలకు మొదటి సంవత్సరం విద్యార్థి మరణించాడు. యూజీసీ ర్యాగింగ్ నిరోధక నిబంధనలు ఆ యేడే వచ్చినవి. జూనియరు నోటికి గ్లాసు అందించే చేయి కచుని భస్మాన్ని సురలో కలిపిన చేతికి సోదరమే.

వ్యసనం మొదలైనవారి సంగతి వేరు. కోరిక పుట్టినప్పుడు దానితో పెనుగులాడక, లొంగక, ఒక తరంగంవలె లేచి విరిగి పోయేదాకా గమనిస్తూ కూర్చోమని వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు మనస్తత్త్వవేత్త అలన్ మార్లట్ ఉపదేశించేవాడు. ఆయన ప్రేరణ బౌద్ధధ్యానం. మన వేదాంతవిద్యార్థికి అది దృగ్దృశ్యవివేకం. కోరిక దృశ్యం, నేను ద్రష్టను. దృశ్యమైనదేదీ నేను కాదు. ఈ ప్రకరణాన్ని పాఠంగా చెప్పుకొని ఆనందించేవారు, రాత్రి తొమ్మిదింటికి చేయి వణుకుతున్న ఒక కుర్రవానికి అది ఎలా పనికి వస్తుందో చెప్పడానికి కూడా సిద్ధపడాలి. ఆ తరంగం సాధారణంగా అర్ధగంటలోపు విరిగిపోతుంది. అయితే వేదాంతం వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. నిత్యం అధికంగా త్రాగి దేహమే అలవాటుపడినవాడు ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు, ప్రాణాపాయం కలుగవచ్చు. అట్టివానిచేత దీక్షామాల వేయించి ఈనాటి నుండి బంద్ అనిపించే భక్తులు ముందుగా వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి. వ్యసనవిముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి 14416 అనే ఉచిత ఫోన్ సంఖ్యలు ఉన్నవి. వీటిని నోటీసు బోర్డు మూలన కాక హాస్టలు గది తలుపు లోపలివైపున అంటించాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. సంక్రాంతికి ఇంటికి వచ్చిన కొడుకు ముందు బావమరదులతో కలసి సీసా తెరచి, వానిని ఐసు తెమ్మని పంపే తండ్రి, మార్చిలో కళాశాల నుండి ఫోన్ వస్తే ఆశ్చర్యపోవడం చూస్తుంటాము. అధ్యాపకులకూ ఇదే వర్తిస్తుంది. శుక్రుడు తన పాత్రను ముందుగా దింపినాడు.

చికిత్స పొంది తిరిగి వచ్చిన విద్యార్థిని మన కళాశాలలు ఆదరించే తీరు సిగ్గుచేటు. టీసీ చేతికిస్తారు, లేదా హాజరు చాలదని సంవత్సరం పోగొడతారు. తోటివారు ఒక పేరు పెట్టి పిలుస్తారు. ప్రాయశ్చిత్తం చేసుకొన్నవారిని ఏవగించుకొనరాదని ఏకాదశాధ్యాయంలో మనువు విధించాడు. మహాపాతకమని శిక్ష నిర్ణయించిన గ్రంథమే ఈ మాటా చెప్పినది. కామెర్లు వచ్చి నెలరోజులు ఇంటి వద్ద ఉన్నవానికి వైద్యుని ధ్రువపత్రం చూసి హాజరులో ఇచ్చే మినహాయింపు, వ్యసనవిముక్తి కేంద్రంలో నెలరోజులు ఉండి వచ్చినవానికీ అదే దరఖాస్తుపై, కారణం అందరి ముందు చదవకుండా, ప్రిన్సిపాలు సంతకంతో ఇవ్వాలి.